పొడక్క వీపు

నీళ్ళ పార్కులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. గేటు దగ్గర టికెట్లు చింపే ఆవిడ మొదలుకొని యజమాని వరకు అందరికీ ఆమె పొడక్క. ఆమెకు తండ్రి వయసున్న, పడవల ఆట నడిపే ముసలాయన కూడా పొడక్కా అనే పిలుస్తాడు. ఊరు ఊరంతా డబ్బులిచ్చి తడవడానికి వచ్చే చోట పొద్దస్తమానం నిలబడి ఫోటోలు తీస్తూ, కెమెరా మీద ఒక్క చుక్క పడనివ్వని మనిషికి అంతకన్నా తగిన పేరు దొరకదు. నిజానికి పొడిగా ఉండేది కెమెరా ఒక్కటే. ఆమె మాత్రం సగం తడి, సగం పొడి. చొక్కా ముందు భాగం ఎండకు పెళపెళలాడుతుంటే, వెనక భాగం పిండితే చెంబెడు నీళ్ళు వస్తాయి. అలా ఎందుకు ఉంటుందో ముందు చెప్పుకోవాలి.

ఆ పార్కులో అన్నిటికన్నా పెద్ద ఆట పడవల జారుడు. నలుగురు పట్టే పడవ గొలుసు మీద టకటకమంటూ పైకెక్కి, పైన కాలువలో కాసేపు బుద్ధిగా నడిచి, ఉన్నట్టుండి కింద మడుగులోకి దూకుతుంది. అది పడగానే ఎదురుగా ఒక నీటిగోడ లేస్తుంది. ఆ గోడ సరిగ్గా ఎక్కడ విరిగి పడుతుందో అక్కడే మడుగు అంచున ఒక సిమెంటు దిమ్మ, దాని చుట్టూ కమ్మీ. పొడక్క ఉద్యోగం ఆ దిమ్మ మీద. దూరంగా నిలబడి తీసుకోవచ్చు కదా అని తెలివైనవాళ్ళు సలహా ఇస్తుంటారు. ఆ దిమ్మ మీద నుంచి తీస్తే తప్ప మొహాలు ఎదురుగా, కళ్ళలో కళ్ళు పెట్టి చూస్తున్నట్టు రావు. పక్క నుంచి తీసిన భయం ఎవరికీ అక్కర్లేదు.

పడవ ముక్కు నీటిని తాకడానికీ, ఆ గోడ దిమ్మ మీద విరుచుకుపడడానికీ నడుమ ఒక్క గుటక మింగేంత సందు ఉంటుంది. పొడక్క పనితనమంతా ఆ సందులోనే. క్లిక్కు మనిపించాలి, కెమెరాను కడుపులోకి లాక్కోవాలి, కుడి భుజం మీదుగా గిర్రున వెనక్కి తిరగాలి, వంగాలి. నీళ్ళు వచ్చి వీపు మీద ధబేలుమని పడతాయి. అవి కారిపోయాక మళ్ళీ ఇటు తిరగాలి. అప్పటికి పాత పడవ మలుపు దాటేస్తుంది, కొత్త పడవ గొలుసెక్కుతూ ఉంటుంది. ఏళ్ళ తరబడి రోజంతా ఇదే పని.

కెమెరాకు ఒక తొడుగు ఉంది. దర్జీ పని చేసే భర్త వానకోటు గుడ్డతో కుట్టి ఇచ్చాడు. రెండు చేతులు దూర్చుకోవడానికి రెండు సంచులు, లెన్సు చుట్టూ బిగించడానికి ఒక నాడా. ఎంత బాగా కుట్టినా లెన్సు ముందు గుడ్డ వేయలేడు కదా, ఆ గుండ్రటి అద్దం ఎప్పుడూ బయటే. దాని మీద చుక్క పడిందంటే తరువాతి ఫోటోలన్నిటిలో ఒకళ్ళ మొహం చెరిగిపోతుంది. అందుకని ఆమె చొక్కా మెడలోపల ఒక పొడిగుడ్డ దోపుకుంటుంది, దానితో ఇంకేదీ తుడవదు, చచ్చినా తుడవదు. చల్లటి ఫోటోల గదిలోంచి కెమెరాను తెచ్చీ తేగానే ఉక్కలో బయటపెడితే అద్దానికి ఆవిరి పడుతుందని, దాన్ని సంచీలోనే కాసేపు ఉంచి, పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి కాపలా కూర్చుంటుంది.

ఇంత భయం ఎక్కడిదంటే, చేరిన కొత్తలో ఒక కెమెరా ఆమె చేతిలోనే నీళ్ళు తాగి చచ్చింది. యజమాని పల్లెత్తు మాట అనలేదు. ఆ చచ్చిన కెమెరాను తెప్పించి ఫోటోల గదిలో ఆమె కళ్ళెదురుగా ఉండే అరలో పెట్టించాడు, అంతే. తిట్టి ఉంటే ఆ సాయంత్రానికి మర్చిపోయేది. ఇప్పుడు రోజూ దాని మొహం చూసి పనిలోకి వెళ్ళాలి.

ఆ భయం ఇంటికీ వచ్చింది. అన్నాల బల్ల మీద ఎవరైనా గ్లాసు ఎత్తితే ఆమె చెయ్యి ముందుకు చాచుకుని ఉంటుంది. మన ఇంట్లో మంచినీళ్ళు కూడా దొంగతనంగా తాగాలని భర్త వేళాకోళం చేస్తాడు. అతనికి అది వేళాకోళమే. నాలుగో తరగతి చదివే కూతురికి మాత్రం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చెవిలో పడ్డ మాట ఒకటే: తడుస్తుంది, జాగ్రత్త. తడిసేది ఏమిటో ఆ పిల్లకు విడిగా చెప్పినవాళ్ళు లేరు. నీళ్ళంటేనే ఏదో పాడుచేసేవి అనుకుని పెరిగింది. తలంటుకి కూర్చోబెడితే కళ్ళు గట్టిగా మూసుకుని, అయిపోయిందా అయిపోయిందా అని అడుగుతూనే ఉంటుంది.

పోయినేడు బడివాళ్ళు పిల్లలందర్నీ ఆ పార్కుకే తీసుకొచ్చారు. అందరూ పడవెక్కారు, ఈ పిల్ల బెంచీ మీద కూర్చుని అందరి సంచులకూ చెప్పులకూ కాపలా కాసింది. ఆ మర్నాటి నుంచి క్లాసులో దానికి చెప్పుల కాపలా అని పేరు పడింది. ఏడాదంతా ఆ పేరు మోసింది. ఇంట్లో ఒక్కసారి చెప్పింది, ఏడవకుండా చెప్పింది. తల్లికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఈ ఏడు మళ్ళీ అదే పార్కు అని తెలిసినప్పుడు పిల్ల బడినుంచి వచ్చి, సంచీ దించకుండానే తల్లి ముందు నిలబడింది.

"అమ్మా, ఈసారి నేను ఎక్కుతాను."

"ఎక్కు తల్లీ, ఏమీ కాదు."

"నువ్వు అక్కడే ఉంటావు కదా, నీళ్ళ దగ్గర?"

"అక్కడే ఉంటాను. ఇంకెక్కడ ఉంటాను?"

"నన్నే చూస్తూ ఉండాలి. పడవ పడేటప్పుడూ చూడాలి, పడ్డాక కూడా చూడాలి. నువ్వు చూస్తుంటే నాకు భయం వేయదు."

"నీ మీద నుంచి కన్ను తీస్తే ఒట్టు," అంది పొడక్క.

పెద్దవాళ్ళు పిల్లల దగ్గర ఒట్లు ఎంత సులువుగా వేస్తారో చెప్పనక్కర్లేదు. ఆమె అబద్ధమాడాలని ఆడలేదు. రోజంతా నిలబడేది పడవకు ఎదురుగానే కాబట్టి చూస్తూనే ఉంటానని నిజంగానే అనుకుంది.

మర్నాడు పనిలో, నీళ్ళు వీపు మీద పడుతుండగా ఆమెకు తట్టింది.  ఇన్నేళ్ళలో పడవ నీళ్ళలో పడ్డాక ఏమవుతుందో తను ఒక్కసారీ చూడలేదు. మడుగు ఎదురుగా ఉన్న గాజుగదిలో పడవల ఆట ముసలాయన మీటల ముందు కూర్చుని ఉంటాడు. మధ్యాహ్నం ఆయన దగ్గరికి వెళ్ళి అడిగింది.

"బాబాయ్, పడ్డాక పడవలో వాళ్ళు ఎలా ఉంటారు?"

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎండ దెబ్బ ఏమైనా తగిలిందా నీకు?"

"నిజంగానే అడుగుతున్నాను."

"ఎలా ఉంటారు, తడిసి ఉంటారు. కళ్ళు తుడుచుకుంటారు, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. కొంతమంది నీ వైపు చూస్తారు. నీ వీపు కనబడుతుంది."

ఆ రోజంతా తిరగకుండా నిలబడాలని చూసింది. ప్రతిసారీ అనుకుంటుంది, ఈసారి తిరగను. పడవ పడుతుంది, వేలు నొక్కుతుంది, ఆ తరువాత సంగతి ఆమె చేతుల్లో ఉండదు. చూసుకునేసరికి వీపు తడిసి ఉంటుంది. ఒకసారి కమ్మీకి కాలు మెలివేసి నిలబడింది. ఒళ్ళు తిరిగింది, కాలు తిరగలేదు, మడమ బెణికింది. కుంటుకుంటూ ఇంటికొచ్చి భర్తకు చెప్పుకుంది.

"ఏమండీ, నాకు కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. తిరిగిపోతే దాని మొహం ఎలా చూడను?"

అతను మిషను మీద నుంచి తల ఎత్తలేదు. "ఆ ఒక్కరోజు కెమెరా వదిలేసి వెళ్ళు. చూస్తూ కూర్చో."

"బడివాళ్ళు పడవ పడవకీ ఫోటో కావాలన్నారు. నేను కాక ఎవరు తీస్తారు?"

"అయితే పిల్లకి ఉన్నమాట చెప్పు. నీళ్ళు లేచాక నేను అటు తిరుగుతానమ్మా అని చెప్పు. అయిపోతుంది."

"చెబితే ఎక్కదు."

అది సగం నిజం. మిగిలిన సగం ఆమె భర్తకు కూడా చెప్పలేదు. ఊళ్ళో పిల్లలందరి ఫోటోలూ ఆమె తీసింది. నీళ్ళలో నోరు తెరిచి నవ్వుతున్న సొంత కూతురి ఫోటో ఆమె దగ్గర ఒక్కటీ లేదు. పిల్ల ఎక్కనంటే అది ఇక ఎప్పటికీ ఉండదేమో అని భయం. ఆ ఆశే ఆమె నోరు కట్టేసింది.

బడి పిల్లలు వచ్చిన రోజు ఆమె పొద్దుటి నుంచే దిమ్మెక్కి ఉంది. తొడుగు నాడా ఊరికే విప్పుతుంది, మళ్ళీ కడుతుంది. దిమ్మ మీద నుంచి చూస్తే వరసలో కూతురి తల కనబడుతోంది. ముందుకు జరుగుతోంది, తల్లి వైపు చూస్తోంది, మళ్ళీ జరుగుతోంది. ఒకసారి వరస విడిచి పక్కకు వచ్చింది. పొడక్క కమ్మీ మీదికి వంగింది. పిల్ల చెప్పులు పక్కన విడిచి మళ్ళీ వరసలో దూరింది.

పడవ ఎక్కింది. ముందు సీటు. పక్కన క్లాసు పిల్ల, వెనక ఇంకో ఇద్దరు. అందరి ఒడుల మీదుగా ఇనప కడ్డీ దిగింది. పడవ గొలుసెక్కుతుంటే పొడక్క మనసులో ఒకటే మాట, తిరగను, తిరగను, తిరగను. కెమెరా పోతే పోనీ. ఉద్యోగం పోతే పోనీ. యజమాని అరలో రెండో కెమెరా పెట్టించుకోనీ.

పడవ పైఅంచున కనబడింది, వంగింది, జారింది. కెమెరా కంటిలోంచి ఆమెకు నాలుగు మొహాలు కనబడ్డాయి. మూడు మొహాల్లో కళ్ళు గట్టిగా మూసుకున్నాయి. నాలుగో మొహం కళ్ళు ఇంతింత చేసుకుని తిన్నగా ఆమెనే చూస్తోంది. నవ్వుతోంది. ఆమె నొక్కింది.

నీళ్ళు వీపు మీద పడ్డాయి.

తిరిగిపోయానని ఆమెకు ఆ చన్నీళ్ళు తగిలాకే తెలిసింది. కెమెరా కడుపులో ఉంది, పొడిగా ఉంది. వెనక నుంచి పిల్లల కేకలు వినబడుతున్నాయి, వాటిలో తన పిల్ల గొంతు లేదు. చప్పున ఇటు తిరిగింది. పడవ మలుపు వైపు పోతోంది. తలలు మూడే ఉన్నాయి.

ఆమె దిమ్మ దిగి, బెణికిన కాలితోనే మడుగు అంచున పరుగెత్తింది. కడ్డీ ఉంది, పడిపోదు అని ఆమెకు తెలుసు. తెలిసి ఏం లాభం, కంటికి మూడు తలలే కనబడుతుంటే. మలుపు దగ్గరికి చేరేసరికి ముందు సీట్లోంచి నాలుగో తల మెల్లగా పైకి లేచింది. పిల్ల కడ్డీ మీదికి వంగి, రెండు చేతులతో కళ్ళు నలుపుకుంటోంది. పొడక్కకు ప్రాణం లేచొచ్చింది. అది ఎంతోసేపు నిలవలేదు.

పిల్ల పడవ దిగింది. మిగిలిన ముగ్గురూ గంతులేస్తుంటే అది నింపాదిగా నడిచి, తల్లి పక్క నుంచే వెళ్ళి, సంచుల బెంచీ మీద కూర్చుంది.

"అమ్మడూ, ఎలా ఉంది? భయం వేయలేదు కదా?"

"నువ్వు అటు తిరిగిపోయావు."

"అది అలవాటే తల్లీ. తిరగకూడదనే అనుకున్నాను."

"కెమెరా తడవకూడదు కదా. నాకు తెలుసు."

ఆ మాటలో కోపం ఉన్నా బాగుండేది. లెక్క తేలిపోయినట్టు చెప్పింది, ఇంక దాని గురించి అడగనక్కర్లేదన్నట్టు. పొడక్క గబగబా కెమెరా తెర మీద ఫోటో తెచ్చి చూపించబోయింది. అలాంటి ఫోటో ఆమె ఇన్నేళ్ళలో తీయలేదు. మూడు మూసిన కళ్ళ జతల మధ్య ఒక్క జత తెరిచిన కళ్ళు.

పిల్ల అటువైపు చూడలేదు. "అది నువ్వు చూస్తున్నప్పటిది కదా," అంది.

ఇంకో పడవ గొలుసెక్కుతోంది. క్లాసులో ఇంకా సగం మంది మిగిలే ఉన్నారు. పొడక్క దిమ్మ ఎక్కి వాళ్ళందర్నీ తీసింది. ప్రతి పడవకూ తిరిగింది, ప్రతిసారీ వంగింది, ఇటు తిరిగిన ప్రతిసారీ దూరంగా బెంచీ మీద, చెప్పుల మధ్య కూర్చున్న కూతురు కనబడుతూనే ఉంది. కెమెరా కన్నా నువ్వే ఎక్కువ అని చెప్పొచ్చు. నోటిమాట ఇప్పుడు ఎవరికి కావాలి? ఆ పిల్ల కళ్ళారా చూసింది. వెయ్యి చెప్పినా ఇక అది ఆ వీపునే నమ్ముతుంది. పెద్దయ్యాక కూడా, ఇంకెప్పుడో ఏదో కష్టమొచ్చినప్పుడు, అమ్మ అటు తిరిగిపోతుంది అనుకుంటుందేమో. 

భోజనాల వేళకు పిల్లలందరూ డబ్బాలు తెరిచారు. ఆట ఆగింది. ముసలాయన రోజూ ఆ వేళకు గొలుసు బిగువు చూసుకోవడానికి ఖాళీ పడవలు వదులుతుంటాడు. పొడక్క బెంచీ దగ్గరికి వెళ్ళి, కెమెరాను తొడుగుతో సహా కూతురి ఒళ్ళో పెట్టింది. పిల్ల బిత్తరపోయింది. దానికి ఆ కెమెరా ముట్టుకునే చనువు ఎప్పుడూ లేదు.

"ఇది నీ దగ్గర ఉంచు. నేను వస్తాను."

"ఎక్కడికి?"

"తడవడానికి," అంది పొడక్క.

ఖాళీ చేతులతో దిమ్మ ఎక్కింది. పడవకు ఎదురుగా నిలబడి, ఆ నీళ్ళన్నీ మొహం మీద వేయించుకోవాలని ఆమె ఉద్దేశం. అది చూస్తే పిల్ల నమ్ముతుందని ఆశ. గాజుగదిలో ముసలాయనకు చెయ్యి ఊపింది. ఖాళీ పడవ పైకెక్కి, వంగి, జారింది. ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని, పళ్ళు బిగబట్టి చూస్తూ నిలబడింది.

వీపు తడిసింది.

రెండు చేతులూ కడుపు దగ్గర గాలిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. నడుం వంగి ఉంది. ఆమెకు ఏడుపొచ్చింది. లేచి, మళ్ళీ అటు తిరిగి, ఇంకో పడవ వదలమని సైగ చేసింది. అదీ వచ్చింది. మళ్ళీ వీపే. ఈసారి ఇంకా గట్టిగా పట్టుకుంది, లేని కెమెరాను. గాజుగదిలో మైకు గరగరమంది.

"పొడక్కా, లోపల ఏం దాస్తున్నావు? మాకూ కాస్త చూపించు."

అన్నం తింటున్న పిల్లలందరూ ఘొల్లుమన్నారు. ఆమె తల ఎత్తలేకపోయింది. కమ్మీ పట్టుకుని దిమ్మ దిగుతుంటే, ఎదురుగా కూతురు నిలబడి ఉంది. కెమెరాను రెండు చేతులతో గుండెకు ఆనించి పట్టుకుంది. మొహం చిత్రంగా పెట్టింది, నవ్వాలో వద్దో తేల్చుకోలేనట్టు.

"అమ్మా, నీ చేతుల్లో ఏమీ లేదు."

"లేదు."

"మరి ఎందుకు తిరిగావు?"

"తెలియదే తల్లీ. నేను తిరగడం లేదు, ఒళ్ళు తిరుగుతోంది. రెండోసారి చూశావు కదా, ఎంత చచ్చినా నా మాట వినడం లేదు."

 తల్లి చొక్కా వెనక నుంచి నీళ్ళు కారి చెప్పుల్లోకి పోతున్నాయి.

"నేను ఎక్కకముందు కూడా నీకు తెలుసా, తిరుగుతావని?"

ఇక్కడ తెలియదంటే సరిపోయేది. పొడక్క ఉన్నమాటే చెప్పింది.

"తెలుసు. చెబితే ఎక్కవని చెప్పలేదు."

"చెప్పాలి కదమ్మా. చెప్పుంటే నేనూ వాళ్ళలాగే కళ్ళు మూసుకునేదాన్ని. నువ్వు చూస్తున్నావని తెరిచి ఉంచాను. నీళ్ళన్నీ కళ్ళల్లో పడ్డాయి. చాలా మండాయి."

పొడక్క ఆ పిల్ల ఎర్రటి కళ్ళ వైపు చూసింది. అంతసేపూ అవి ఏడ్చి ఎర్రబడ్డాయనుకుంది. చెయ్యి చాపబోయి, చెయ్యి తడిగా ఉందని, కూతురి చేతిలో కెమెరా ఉందని ఆగిపోయింది. పిల్ల అది కనిపెట్టింది. ఈసారి నవ్వు ఆపుకోలేకపోయింది. కెమెరాను ఒక చంకకు మార్చి, తల్లి తడిచేతిని తనే పట్టుకుంది.

"ఇప్పుడు చెప్పు. మళ్ళీ ఎక్కితే తిరుగుతావా?"

"తిరుగుతాననే అనుకుంటున్నాను."

"సరే," అంది పిల్ల. "అయితే నేను నీ వైపు చూడను. నా పాట్లు నేను పడతాను."

భోజనాలయ్యాక ఆట మళ్ళీ మొదలైంది. పొడక్క కెమెరా తుడుచుకుని దిమ్మ ఎక్కింది. ఆమెకు భయం తగ్గలేదు, ఆ మాటకొస్తే పెరిగింది. ఈసారి పిల్ల ఒట్టు లేకుండా ఎక్కింది. పడవ గొలుసు మీద పైకి పోతుంటే తల్లి వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. పక్క పిల్ల చెవిలో ఏదో చెబుతోంది. ఆ చిన్న తల అలా తనను చూడకుండా ఆకాశంలోకి ఎక్కిపోతుంటే పొడక్క మెడ చాచి చూస్తూ నిలబడింది. తనకు కావలసింది ఇదేనా, కాదా, ఆమెకే తెలియలేదు.

పడవ వంగింది, జారింది. కెమెరా కంటిలో మూడు మొహాలు, నాలుగో చోట మొహం లేదు. కడ్డీ కింద నుంచే ఎలా మెలి తిరిగిందో, పిల్ల సీట్లో అటు తిరిగిపోయి, నడుం వంచి, రెండు చేతులతో కడుపు దగ్గర ఏదో గట్టిగా పట్టుకున్నట్టు ముడుచుకుంది. తల్లి ఎలా వంగుతుందో అచ్చు అలాగే. నీలం చొక్కా వీపు ఒక్కటే తిన్నగా కెమెరాలోకి చూస్తోంది.

పొడక్క నొక్కింది, తిరిగింది, వంగింది. నీళ్ళు వచ్చి మీద పడ్డాయి. ఆ నీళ్ళ కింద ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో గాజుగదిలోని ముసలాయనకు అర్థం కాలేదు, వీపు మాత్రం అదురుతూ ఉంది.

దిగే చోట పిల్ల తడిసి ముద్దయి నిలబడి ఉంది, జుట్టు మొహానికి అతుక్కుని ఉంది.

"తిరిగావా?" అని అడిగింది.

"తిరిగాను."

"నేను కూడా," అంది పిల్ల.